వంశం చెప్పేవాళ్లు, వంశంలో లేనివాళ్లు

వంశచరిత్ర తవ్వి ఇవ్వడం ఇవాళ ఒక వృత్తి. చేసేవాళ్లను జీనియాలజిస్టులంటారు. అమెరికాలో వీళ్లకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు 1964లోనే మొదలైంది, వృత్తిదారుల సంఘం 1979లో వచ్చింది. గంటల లెక్కన ఫీజు తీసుకుంటారు. జనన మరణాల రిజిస్టర్లు, భూమి పత్రాలు, ఓడల జాబితాలు చూసి, ఏ సంగతి ఏ కాగితంలో దొరికిందో చెబుతూ ఒక నివేదిక రాసిస్తారు. డాలస్‌లో ఉండే మా పెద్దబాపు కొడుక్కి అలాంటి మనిషిని పెట్టుకోవాలన్న ఆలోచన వచ్చింది. వాళ్ల బిడ్డను బళ్లో ఫ్యామిలీ ట్రీ గీయమన్నారట. ముత్తాత పేరు దాకా రాసింది, ఆ పైన గీత ఆగిపోయింది. "పైసల సంగతి నేను చూస్త తమ్మీ. వాళ్లకు ఏమేం ఇయ్యాల్నో నువ్వు జమ చెయ్" అన్నాడు అన్న. మాది కరీంనగర్ జిల్లా చొప్పదండి. నేనుండేది హైదరాబాద్‌లో. ఊరికి మూడు గంటల దూరంలో ఉన్నవాణ్ణి కాబట్టి పని నా మీద పడింది.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. క్లయింటు తనకేం కావాలో తనకే తెలియకుండా ప్రాజెక్టు మొదలుపెడితే ఏమవుతుందో రోజూ చూసేవాణ్ణి. వంశచరిత్ర విషయంలో కూడా అంతే అని కొన్నాళ్లు చదివాక అనిపించింది. కాగితాలు జమ చేయడం ఈ తయారీలో చిన్న భాగం. ఏం అడగాలో తేల్చుకోవడం పెద్ద భాగం. ఎందుకంటే వంశం చెప్పేవాడు ఏ కాలంలోనైనా, ధాన్యమో డబ్బో ఇచ్చినవాడు అడిగినదానికే జవాబు చెప్పాడు. అడగనివాళ్ల పేర్లు అట్లనే పోయాయి. దీనికి రుజువులు వెతుక్కుంటూ దూరం పోనక్కర్లేదు. మా జిల్లాలోనే ఉన్నాయి.

మిరాసి

డబ్బిచ్చి వంశం చెప్పించుకోవడం మనకు కొత్త కాదు. కాపుల ఇళ్లకు, రెడ్ల ఇళ్లకు కోతలయ్యాక వచ్చి, ఆ ఇంటి గోత్రం, ఇంటిపేరు, పెద్దల పేర్లు వరుసగా చదివి పొగిడే పిచ్చకుంట్లవాళ్ల గురించి 1909లో థర్స్‌టన్ రాశాడు. వాళ్ల పుట్టుక గురించి ఒక కథ చెబుతారు. ఒక కాపుకు నూటొక్కమంది కొడుకులు. అందులో ఒకడు కుంటివాడు. మిగతా నూరుగురు వాణ్ణి పోషించాలి, వాడు వాళ్ల గోత్రాలు గుర్తుపెట్టుకుని చెప్పాలి. కథ నిజమా కాదా అన్నది పక్కన పెడితే, అందులో ఒక ఒప్పందం ఉంది. తిండి మీది, జ్ఞాపకం నాది. ఆ కులం పేరు తర్వాత తర్వాత ఊళ్లల్లో తిట్టుమాట అయింది. తమను వంశరాజులని పిలవాలని వాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. చేసే పనికి సరిపోయే పేరు అదే కాబట్టి నేను ఇకమీదట ఆ పేరే వాడతాను.

వంశరాజులు ఒక్కరే కాదు. తెలంగాణలో ఒక్కో కులానికి ఒక్కో కథకుల కులం ఉంది. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, గౌడులకు గౌడజెట్టివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు. కొందరు గుడ్డ మీద గీసిన పటం విప్పి బొమ్మ తర్వాత బొమ్మ చూపిస్తూ కథ చెబుతారు. ఇవాళ మనం డ్రాయింగ్ రూముల్లో వేలాడదీసుకునే చేర్యాల బొమ్మల పుట్టుక ఇదే. నకాషీ చిత్రకారులు ఆ పటాలు గీసింది ఈ కథకుల కోసం. బిరుదురాజు రామరాజు మొదలుపెట్టిన జానపద పరిశోధన దారిలో జయధీర్ తిరుమలరావు, పులికొండ సుబ్బాచారి లాంటివాళ్లు ఈ ఆశ్రిత కులాల సాహిత్యం మీద ఏళ్లకేళ్లు తిరిగి పనిచేశారు. వాళ్ల పుస్తకాలు లేకపోతే నాలాంటివాడికి ఇందులో సగం తెలిసేది కాదు.

ఈ కథకులు అడుక్కునేవాళ్లని పైకి కనిపిస్తుంది. వాళ్ల లెక్క వేరు. దాతల కులం నుంచి రాబట్టుకునే హక్కును మిరాసి అంటారు. ఏ ఊరు ఎవరి మిరాసి అన్నది వాళ్లలో వాళ్లకు కచ్చితంగా తెలుసు. అన్నదమ్ములు విడిపోతే ఊళ్లు కూడా పంచుకుంటారు. ఒకరి ఊరికి ఇంకొకరు పోయి కథ చెబితే పంచాయితీ అవుతుంది. అంటే ఊరు వాళ్లకు ఆస్తి. మన ముత్తాతల జ్ఞాపకం ఇంకొకరి ఆస్తిపత్రంలో భాగం. అందుకే వాళ్లు మర్చిపోలేదు. మర్చిపోతే పోయేది వాళ్ల జీవనమే.

ఉత్తరాన ఆదిలాబాద్ పోతే ఇదే ఏర్పాటు గోండుల్లో కనబడుతుంది. గోండు గోత్రాలకు పర్ధానులు ఉంటారు. కిక్రీ వాయిస్తూ ఆ గోత్రం ఎక్కడ పుట్టింది, ఏ దారిన వచ్చింది, దాని పెర్సాపేన్ ఎవరు అన్నది పాడతారు. 1940లో కొమురం భీం తిరుగుబాటును నిజాం ప్రభుత్వం అణిచేసిన తర్వాత ఆ అడవుల్లోకి వచ్చిన హైమన్‌డార్ఫ్, 1948లో అచ్చయిన తన ఆదిలాబాద్ రాజగోండుల పుస్తకంలో ఈ పాటల ఆధారంతోనే చాలా చెప్పాడు. గోదావరి ఒడ్డున కోయలకు డోలివాళ్లు ఉన్నారు. సమ్మక్క సారలమ్మల కథ వాళ్ల నోట్లోనే నిలిచింది.

2022లో డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు, కిన్నెర మొగిలయ్యకు పద్మశ్రీలు వచ్చాయి. రెండూ కళల విభాగంలో. సంతోషించాల్సిన సంగతే. కానీ రామచంద్రయ్య వంశాలు చెప్పే కులంలో పుట్టినవాడు, మొగిలయ్య డక్కలివాడు. వాళ్ల చేతిలోని వాయిద్యాన్ని గుర్తించాం. అదే నోటితో చెప్పిన సంగతుల్ని చరిత్ర అనడానికి ఇంకా వెనకాడుతున్నాం. పేరు పక్కన డిగ్రీ ఉన్న జీనియాలజిస్టుకు గంటల లెక్కన డాలర్లు ఇవ్వడానికి మనకు అభ్యంతరం లేదు. వడ్లకుప్ప దగ్గర నిలబడ్డవాడికి మాత్రం రెండు చేటలు పోసి పొమ్మంటాం.

అట్లని వంశరాజులు చెప్పిందంతా నెత్తిన పెట్టుకోవాలని కాదు. వాళ్లు ఏం చెప్పారో, ఎవరికి చెప్పారో చూడాలి. చెప్పించుకున్నవాడు ఇంటి పెద్ద, మగవాడు. పాటలో వచ్చేది తండ్రి, తాత, ముత్తాత. పొగడడం పనిలో భాగం కాబట్టి పారిపోయినవాడు, అప్పుల్లో మునిగినవాడు, రెండో ఇల్లు పెట్టినవాడు అందులోకి రారు. ఆడబిడ్డలు అసలే రారు. మిరాసి ఇచ్చేది వాళ్లు కాదు మరి.

రాతి మీద ఒక తల్లి పేరు

మా పక్క మండలం గంగాధర. అక్కడ కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద 10వ శతాబ్దపు శాసనం ఒకటుంది. ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామందికి అది తెలిసే ఉంటుంది. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఉన్న శాసనం. తెలుగులో కంద పద్యాలు ఎంత పాతవో చెప్పడానికి ఎప్పుడూ దాన్నే చూపిస్తాం. తెలుగుకు ప్రాచీన హోదా అడిగినప్పుడు కూడా దాని పేరు గట్టిగా వినబడింది. ఛందస్సు గోలలో మనం అంతగా పట్టించుకోని సంగతి ఒకటుంది. అది ఒక కుటుంబ చరిత్ర.

చెక్కించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపడికి తమ్ముడు. వేములవాడ చాళుక్యరాజు రెండో అరికేసరి ఆస్థానంలో అన్న కవిగా వెలుగుతుంటే, తమ్ముడు ఆ గుట్ట మీద జిన ప్రతిమలు చెక్కించి, తామెవరో రాయించాడు. వేంగినాడులోని వంగిపర్రు నుంచి వచ్చిన కమ్మెనాటి బ్రాహ్మణులం, శ్రీవత్స గోత్రం, తాత అభిమానచంద్రుడు, తండ్రి భీమపయ్య, జైనంలోకి వచ్చాం. ఇంతవరకు ఏ వంశరాజైనా చెప్పే వరసే. తర్వాత తల్లి పేరు ఉంది. అబ్బణబ్బె. అక్కడితో ఆగలేదు. ఆమె ఎవరి మనవరాలో కూడా ఉంది. అణ్ణిగేరికి చెందిన జోయిస సింగని మనవరాలు. అణ్ణిగేరి ధార్వాడ దిక్కున ఉంది.

ఆ ఒక్క ముక్క ఎంత పని చేసిందో చూడండి. తండ్రి వైపు వేంగి, తల్లి వైపు కన్నడ దేశం, బతికింది వేములవాడ రాజ్యంలో. ఒక కవి రెండు భాషల మధ్య ఎట్లా పెరిగి ఉంటాడో అర్థం చేసుకోవడానికి తండ్రి గోత్రం కంటే తల్లి పుట్టిల్లే ఎక్కువ ఉపయోగపడుతుంది. తల్లిని వదిలేసి ఉంటే పంపడి వంశవృక్షం పూర్తిగానే కనిపించేది. లోటు ఉందని కూడా ఎవరికీ తెలిసేది కాదు.

ఇంకో మూడువందల ఏళ్లకు బయ్యారం చెరువు శాసనం. ఇప్పటి మహబూబాబాద్ జిల్లా. కాకతీయ గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ చెరువు తవ్వించి వేయించింది. కాకతీయుల తొలితరం వాళ్ల పేర్లు వెన్న నుంచి మొదలుపెట్టి వరుసగా దొరికేది అందులోనే. అత్తగారి నతవాడి వంశాన్ని కూడా చెప్పింది. పుట్టింటి వంశాన్ని ఒక ఆడబిడ్డ చెబితే, అన్నలు వేయించిన శాసనాల్లో లేని పాతతరాలు బయటపడ్డాయి. చెరువుకు డబ్బు పెట్టింది ఆమె. ఏం చెక్కాలో చెప్పింది ఆమె.

ఏడుతరాల పాఠం

తెలుగు పాఠకుడికి వంశాన్వేషణ అనగానే గుర్తొచ్చేది 'ఏడుతరాలు'. అలెక్స్ హేలీ 'రూట్స్' 1976లో వచ్చింది. సహవాసి అనువాదంతో హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తెలుగులో వేసింది. మా తరం దాన్ని బాపుల చేతుల్లోంచి తీసుకుని చదివింది. బానిసల కుటుంబంలో నోటినోటికి వచ్చిన నాలుగు మాటలు పట్టుకుని, గాంబియా నదీతీరంలోని జుఫూరే ఊరికి పోయి, అక్కడి కథకుడి నోట తన పూర్వీకుడు కుంటా కింటే పేరు వినడం ఆ పుస్తకానికి పట్టుకొమ్మ.

అయిదేళ్ల తర్వాత, 1981లో, రెండు వైపుల నుంచి దెబ్బ పడింది. గాంబియా మౌఖిక చరిత్ర మీద పనిచేసిన డొనాల్డ్ రైట్ అదే ఊరికి పోయి అదే మనిషితో మాట్లాడి, ఆయన వంశపారంపర్యంగా శిక్షణ పొందిన కథకుడు కాడనీ, హేలీ ఏం వెతుకుతున్నాడో అక్కడివాళ్లకు ముందే తెలుసుననీ రాశాడు. ఇటు అమెరికాలో గ్యారీ మిల్స్, ఎలిజబెత్ షోన్ మిల్స్ వర్జీనియా కాగితాలు తిరగేసి, హేలీ కలిపిన తరాలు పత్రాల్లో అతకడం లేదని చూపించారు. ఎలిజబెత్ మిల్స్ జీనియాలజీని క్రమశిక్షణ ఉన్న శాస్త్రంగా నిలబెట్టినవాళ్లలో ఒకరు.

దీంతో 'ఏడుతరాలు' విలువ పోయిందని నేను అనను. నవలగా అది చేసిన పని చేసేసింది. కానీ డబ్బిచ్చి వంశం అడగబోయేవాడికి ఇందులో పాఠం ఉంది. జవాబును ప్రశ్నలో పెట్టి పంపకూడదు. "మా పూర్వీకులు కాకతీయ సైన్యంలో ఉన్నారంట, చూడండి" అని అడిగితే చూసిపెట్టేవాళ్లు దొరుకుతారు. వంశరాజుకైనా సర్టిఫికెట్ ఉన్న జీనియాలజిస్టుకైనా ఎదుటివాడి ముఖంలో ఆశ కనబడుతుంది. మా ఇంట్లో కూడా అలాంటి ఆశ ఉంది. మేము గోదావరి అవతలి నుంచి గుర్రాల మీద వచ్చామని పెద్దబాపు చెప్పేవాడు. అన్నకు పంపే కాగితంలో ఆ ముక్కను "పెద్దబాపు 1998 ప్రాంతంలో చెప్పిన మాట, ఇంకెక్కడా వినలేదు" అని మాత్రమే రాశాను. ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, వాళ్లకెట్లా తెలుసు. ప్రతి మాట పక్కన ఈ మూడూ ఉంటే చాలు, మిగతాది వెతికేవాడు చూసుకుంటాడు.

కాగితాల దారి

ఇక కాగితాలు. నిజాం ఇలాకా వాళ్లకు ఇది ప్రత్యేకమైన తలనొప్పి. ఆంధ్ర జిల్లాల వంశచరిత్రకు మద్రాసు ప్రెసిడెన్సీ ఇంగ్లిషు దస్త్రాలు ఉంటాయి. మనవి మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ. సంవత్సరాలు ఫసలీలో ఉంటాయి, సుమారు 590 కలుపుకోవాలి. అంటే కాగితం మీద 1344 కనబడితే 1934 ప్రాంతం. జిల్లా పేరు కూడా చూసుకోవాలి. 1905లో జిల్లా కేంద్రం కరీంనగర్‌కు మారేదాకా మాది ఎలగందుల జిల్లా. 1985లో మండలాలు వచ్చాయి, 2016లో జిల్లా నాలుగు ముక్కలయింది. పక్కపక్క ఊళ్ల దస్త్రాలు ఇవాళ వేర్వేరు కలెక్టరేట్లలో ఉన్నాయి.

తెలంగాణ పల్లె కుటుంబానికి అందుబాటులో ఉన్న పాత కాగితాల్లో అన్నిటికంటే పనికొచ్చేది 1954-55 ఖాస్రా పహాణీ. సర్వే నంబరు, పట్టాదారు పేరు, సాగు చేసేవాడి పేరు వేర్వేరు గళ్లలో ఉంటాయి. దానికంటే వెనక్కి పోవాలంటే సేత్వార్. పట్టాలేని కౌలుదారులైతే 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల జాబితా. పట్టాదారు చనిపోయి పేరు మారినప్పుడు నడిచిన విరాసత్ దస్త్రంలో వారసులెవరో రాసి ఉంటుంది. మన దగ్గర ప్రభుత్వం స్వయంగా వంశవృక్షం గీసిన చోటు అదే అనుకోవచ్చు. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయ్యాక పాత దస్త్రాలు పట్వారీల ఇళ్లల్లోనే ఉండిపోయిన ఊళ్లూ ఉన్నాయి. నిజాం కాలపు పెద్ద దస్త్రాల కోసం తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. అయితే అక్కడ మీ ముత్తాత పేరు కొట్టి వెతికే పెట్టె ఏదీ ఉండదు. చేతిరాత ఉర్దూ చదవగలిగిన మనిషి కావాలి. జీనియాలజిస్టుకు డబ్బిస్తే ఆ చదువుకే ఇవ్వాలి.

పేర్ల సంగతి ఇంకా కష్టం. ఉర్దూ రాతలో అచ్చులు పూర్తిగా రాయరు, గొలుసుకట్టులో చుక్కలు కూడా ఎగిరిపోతాయి. ఎల్లయ్య, ఐలయ్య ఒకటైపోవచ్చు. దానికి తోడు మా ప్రాంతంలో పేర్లు దేవుళ్ల నుంచి వస్తాయి. వేములవాడ రాజన్న నుంచి రాజయ్య, ధర్మపురి నుంచి నర్సయ్య, కొండగట్టు నుంచి అంజయ్య, ఓదెల, కొమురెల్లి నుంచి మల్లయ్య. తాత పేరు మనవడికి పెట్టడం ఒకటి. ఒక ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు రాజయ్యలుంటే ఆశ్చర్యం లేదు. కాబట్టి పేరు ఒక్కటే పంపితే పని కాదు. తండ్రి పేరు, సర్వే నంబరు, ఏ వాడ, ఏ బావి పక్క అన్నది కలిపి పంపాలి. పుట్టిన తేదీలు లేనివాళ్లకు సంఘటనలు ఉంటాయి. గత్తర వచ్చిన ఏడు, రజాకార్ల లొల్లి నాటికి బిడ్డ చంకలో ఉంది, మానేరు డ్యాం పని మొదలైనంక పెళ్లి. ఇవి రాసుకుంటే వెతికేవాడు వాటిని సంవత్సరాలుగా మార్చుకుంటాడు.

ఇల్లరికం ఒకటి మర్చిపోవద్దు. అల్లుడు ఇల్లరికం వస్తే ఆ ఇంట్లో మగవరస మారిపోతుంది. భూమి వరస ఒక దారిన, ఇంటిపేరు ఒక దారిన పోతాయి. పహాణీ మాత్రం పట్టుకుని పైకి పోతే ఇంకొకరి తాత దగ్గర తేలతాం.

పేదవాళ్ల వంశచరిత్ర ఎక్కడ బాగా దొరుకుతుందో తెలుసా? ఓడల్లో. 1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరిన కూలీలతో డర్బన్ చేరింది. అందులో తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. చెరకు తోటల కోసం దక్షిణాఫ్రికాకు, మారిషస్‌కు, ఫిజీకి ఒప్పందం మీద పోయిన ప్రతి మనిషికీ ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, జిల్లా రాశారు. ఆడవాళ్లకు కూడా విడిగా రాశారు. మారిషస్‌లో మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఆ దస్త్రాలు, ఫొటోలతో సహా ఉన్నాయి. అయిదో తరం తెలుగువాళ్లు అక్కడికి పోయి తమ పూర్వీకుల ఊరి పేరు తెలుసుకుని వస్తారు. ఆ కూలీల మీద ప్రేమతో రాసినవి కావు అవి. పారిపోతే పట్టుకోవడానికి రాసుకున్నారు. అయినా ఫలితం విచిత్రంగా ఉంది. విశాఖ జిల్లా నుంచి అట్లా ఓడెక్కిన ఒక పాలేరు వివరాలు ఇవాళ దొరుకుతాయి. అదే ఏడు చొప్పదండిలో ఒక దొర దగ్గర వెట్టి చేసిన మనిషి పేరు ఏ పట్టాలోనూ లేదు, ఏ వంశరాజు పాటలోనూ లేదు. మావాళ్లు కొందరు తర్వాత బొంబాయి, భీవండి పోయారు, ఆ తర్వాత దుబాయి. పాస్‌పోర్టు వచ్చినప్పుడే మా వాడకట్టులో చాలామందికి పుట్టిన తేదీ వచ్చింది.

సంతకాల దగ్గర

ఈ తయారీలో నన్ను ఎక్కువసేపు ఆపింది మా ఇంటి ట్రంకు పెట్టెలోని ఒక కాగితం. దానికి ముందు చట్టం సంగతి ఒక ముక్క చెప్పాలి. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా బిడ్డకూ పుట్టుకతోనే వాటా ఉందని ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటికే పెళ్లయినవాళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం చట్టాన్ని సవరించింది. అప్పటినుంచి ఆస్తి కాగితాల్లో ఆడబిడ్డల పేర్లు రాయక తప్పలేదు.

మా ఇంట్లో ఉన్న కాగితాల్లో మా మేనత్తల పేర్లు పూర్తిగా, వరుసగా, తండ్రి పేరుతో సహా కనబడే చోటు ఒకటే ఉంది. భూమిలో మాకు వాటా అవసరం లేదు అని రాసిచ్చిన కాగితం. పెద్దత్తది వేలిముద్ర, చిన్నత్తది సంతకం. ఇలాంటి కాగితం మా ఒక్క ఇంట్లోనే ఉందని అనుకోను. చదివే మీలో చాలామంది ఇళ్లల్లో ఉండి ఉంటుంది. వందేళ్ల తర్వాత ఎవరైనా జీనియాలజిస్టు మా కుటుంబం మీద పనిచేస్తే ఆ ఇద్దరాడవాళ్లు దొరికేది అక్కడే. వదులుకున్నందుకే వాళ్లు వంశవృక్షంలోకి వచ్చారు.

ఇంకో తరం పైకి పోతే అదీ లేదు. మా బాపమ్మ పేరు పహాణీలో ఉంది, తాత చనిపోయాక విరాసత్‌లో ఎక్కింది. "ఫలానా భర్త ఫలానా" అని. తండ్రి పేరు లేదు. తల్లిగారి ఊరు గంగాధర దిక్కు అని బాపుకు తెలుసు. బాపమ్మ తల్లి పేరేమిటని అడిగితే కాసేపు ఆలోచించి, "మేమందరం అవ్వ అనే పిలిచినం" అన్నాడు. వెయ్యేళ్ల కిందట అబ్బణబ్బె ఎవరి మనవరాలో రాతి మీద చెక్కించిన మండలం అది. మా అవ్వ పేరు అక్కడే నలభై ఏళ్లలో పోయింది.

ప్రశ్న మార్చడం

అన్నకు ఇవన్నీ రాసి పంపాను. మొదట అతను అనుకున్న ప్రశ్న "మన ముత్తాత ముందు ఎవరు" అన్నది. చాలా కుటుంబాలు అడిగే ప్రశ్న అదే. దానికి జవాబు దొరికితే ఇంకో రెండు రాజయ్యలు, ఒక నర్సయ్య దొరుకుతారు. చెట్టు పొడుగవుతుంది, ఒకే కొమ్మతో. అదే డబ్బుతో వేరే ప్రశ్న అడగొచ్చు. మా ఇంటికి కోడళ్లుగా వచ్చిన నలుగురు ఆడవాళ్లు ఏ ఊళ్ల నుంచి, ఎవరి బిడ్డలుగా వచ్చారు? ఇల్లు వదిలిపోయిన మేనత్తల వరస ఇప్పుడు ఎక్కడుంది? మా భూమిలో తరాలుగా పనిచేసిన జీతగాళ్ల కుటుంబాలు ఏవి, ఖాస్రా పహాణీ సాగుదారు గడిలో వాళ్ల పేర్లున్నాయా? ఈ మూడో ప్రశ్న దగ్గర అన్న కాసేపు మాట్లాడలేదు. భూమి సంగతి తవ్వితే ఏం బయటికొస్తుందో అన్న బెరుకు ఉంటుంది. అది సహజమే. అయినా ప్రశ్నను జాబితాలో ఉంచాం.

మనిషిని పెట్టుకునే ముందు ఆ మనిషితో తేల్చుకోవాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. ఫీజు దొరికినదానికా, వెతికినదానికా? వెతికినదానికే అయి ఉండాలి. దొరికితేనే డబ్బు అంటే ఏదో ఒకటి దొరుకుతుంది. ఎక్కడెక్కడ వెతికి ఏం దొరకలేదో కూడా నివేదికలో రాయాలి. ప్రతి సంగతికీ కాగితం నకలు ఇవ్వాలి. ఉర్దూ కాగితానికి తెలుగు అనువాదంతో పాటు అసలు ఫొటో కూడా కావాలి. రేపు ఇంకొకరు చదివితే వేరే పేరు కనబడొచ్చు. బతికున్నవాళ్ల వివరాలు వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా పెట్టకూడదు. అనుకోనిది బయటపడితే, దత్తత, రెండో పెళ్లి, పెళ్లి లేని పిల్లలు, ముందు ఎవరికి చెప్పాలో ఇంట్లో అనుకుని ఉండాలి. మన తాతల రహస్యాలు మనకు కబుర్లు. మేనత్తలకు అవి నిన్నటి సంగతులు.

బడ్జెట్‌లో ఇంకో గీత చేర్చమని అన్నను అడిగాను. మా ఊరు మిరాసిగా ఉన్న వంశరాజుల కుటుంబం ఎవరిదో కనుక్కుని, వాళ్లను పిలిపించి, చెప్పించుకుని, రికార్డు చేసుకుని, జీనియాలజిస్టుకు ఇచ్చే గంట రేటే వాళ్లకూ ఇవ్వాలని. దానం అనే మాట వాడకుండా ఫీజు అని రాయాలని. వాళ్లు చెప్పేది పహాణీతో కలవకపోవచ్చు. కలవని చోట రెండూ రాసుకుంటాం.

ఇవన్నీ మొదలయ్యేలోపు చేయాల్సిన పని ఒకటుంది, దానికి డబ్బక్కర్లేదు. బాపమ్మ చిన్నతమ్ముని భార్య ఇంకా ఉంది. ఎనభై దాటింది, గంగాధర దగ్గరే ఉంటుంది, చెవులు కొంచెం మందం. పెళ్లయి ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు మా అవ్వ బతికే ఉండి ఉంటే, అత్తగారి పేరు ఆమెకు తెలిసి ఉండాలి. ఆర్కైవ్స్‌లో ఎన్ని గంటలు వెతికినా దొరకని పేరు అది. వచ్చే ఆదివారం బాపును తీసుకుని వెళ్తున్నాను.